ఫైలు కనిపిస్తోంది.. తెరుచుకోవట్లేదు.. తప్పెక్కడ?

లినక్స్ డెస్క్‌టాప్‌లో తరచూ ఎదురయ్యే చిన్న చిక్కే ఇది. దాన్ని పొరలు పొరలుగా విప్పి చూడటం నేర్చుకుంటే చాలా ఐటీ ఉద్యోగాల్లో అసలు పని నేర్చుకున్నట్టే.

ఒక చిన్న ప్రశ్న. మీ ముందు ఉబుంటు ఉన్న కంప్యూటర్ ఉంది. ఆఫీసు సర్వర్‌లో షేర్ చేసిన ఫోల్డర్‌ను ఫైల్ మేనేజర్‌లో తెరిచారు. లోపల ఫైళ్లన్నీ కనిపిస్తున్నాయి. పీడీఎఫ్ మీద డబుల్ క్లిక్ చేస్తే వెంటనే తెరుచుకుంది. దాని పక్కనే ఉన్న వీడియో మీద క్లిక్ చేస్తే మాత్రం ప్లేయర్ పైకి వచ్చి, ఫైలు తెరవలేకపోయానని చెప్పి ఊరుకుంది. అదే ఫోల్డర్, అదే పాస్‌వర్డ్, అదే నెట్‌వర్క్. మీరు మొదట ఏం చేస్తారు?

ఎక్కువగా వినిపించే జవాబులు నాలుగే. రీస్టార్ట్ చేస్తాం. ముందు సుడో తగిలించి మళ్లీ నడుపుతాం. ఫైలుకు 777 పర్మిషన్ ఇస్తాం. ఏదీ కుదరకపోతే ప్లేయర్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తాం. వీటిలో ఏదో ఒకటి ఎప్పుడో ఒకసారి పనిచేస్తుంది కూడా. చిక్కంతా అక్కడే ఉంది. పని అయింది, ఎందుకు అయిందో తెలియలేదు. రేపు ఇదే సమస్య ఇంకో కంప్యూటర్‌లో వస్తే మళ్లీ మొదటికే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఐటీ ఉద్యోగాల కోసం మనం టూల్స్ పేర్లు చాలా నేర్చుకుంటున్నాం. తప్పు ఎక్కడుందో వెతకడం మాత్రం నేర్చుకోవట్లేదు. కోర్సు సర్టిఫికెట్‌లో అది కనిపించదు. ల్యాబ్ పరీక్షలో దానికి మార్కులు లేవు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నుంచే అవసరమయ్యేది మాత్రం అదే. దాన్ని పైసా ఖర్చు లేకుండా సాధన చేయడానికి, దూరపు ఫైలును లినక్స్ డెస్క్‌టాప్ ఎలా తెరుస్తుంది అన్న ఈ సమస్య చక్కగా సరిపోతుంది. ఎందుకో చూడండి.

కనిపించడం వేరు.. అందడం వేరు

మీ కంప్యూటర్‌లోనే ఉన్న ఫైలును తెరవమంటే ఏ ప్రోగ్రామైనా లినక్స్ కెర్నెల్‌ను అడుగుతుంది. ఫలానా ఫోల్డర్‌లో ఫలానా పేరుతో ఉన్న ఫైలు ఇమ్మంటుంది. కెర్నెల్ ఇస్తుంది. దశాబ్దాలుగా ప్రోగ్రాములు ఎక్కువగా ఈ పద్ధతినే నమ్ముకుని రాశారు. వేరే మెషీన్‌లో ఉన్న ఫైలుకు అలాంటి దారి ఉండదు. దానికి చిరునామా ఉంటుంది. ‘ఎస్ఎంబీ’తోనో, ‘ఎస్ఎఫ్‌టీపీ’తోనో మొదలయ్యే చిరునామా. మొదటిది విండోస్ షేర్ల భాష. రెండోది ఎస్ఎస్‌హెచ్ మీదుగా ఫైళ్లు చేరవేసే పద్ధతి. ఇలాంటి చిరునామాను ఉన్నదున్నట్టు తీసుకెళ్లి కెర్నెల్‌కు ఇస్తే దానికి అర్థం కాదు.

మరి ఫైల్ మేనేజర్‌లో ఆ ఫైళ్లు ఎలా కనిపిస్తున్నాయి? ఉబుంటు, ఫెడోరాల్లో ఉండే గ్నోమ్ డెస్క్‌టాప్‌లో జీవీఎఫ్ఎస్ అనే ఏర్పాటు ఉంది. ఇది 2008లో గ్నోమ్ 2.22తో వచ్చింది. తెర వెనక నడిచే చిన్న చిన్న ప్రోగ్రాములు సర్వర్‌తో మాట్లాడి, ఫైళ్ల జాబితా తెచ్చి ఫైల్ మేనేజర్ చేతిలో పెడతాయి. కేడీఈ డెస్క్‌టాప్‌లో ఈ పని కేఐఓ చేస్తుంది. అది ఇంకా పాతది, 2000లో వచ్చిన కేడీఈ 2 నాటిది. అంటే ఫైల్ మేనేజర్‌కు సర్వర్ భాష తెలిసిన దుబాసీ ఒకడున్నాడు. వీడియో ప్లేయర్‌కు ఆ దుబాసీతో పరిచయం ఉందా లేదా అన్నది వేరే సంగతి.

మొదటి పాఠం ఇక్కడే ఉంది. ఫైలు కనిపించిందంటే ఫైల్ మేనేజర్‌కు జాబితా అందిందని మాత్రమే అర్థం. అప్లికేషన్‌కు అందుతుందన్న హామీ ఏమీ లేదు.

మూడు దారులు.. ఒక చిన్న అక్షరం

దూరపు ఫైలు అప్లికేషన్‌కు చేరడానికి మూడు దారులున్నాయి. 

మొదటిది, అప్లికేషన్‌కే ఆ భాష వచ్చి ఉండటం. గ్నోమ్ కుటుంబంలోని పీడీఎఫ్ వ్యూయర్‌కు జీవీఎఫ్ఎస్‌తో నేరుగా పరిచయం ఉంది. వీఎల్‌సీ అయితే ఎస్ఎంబీ, ఎస్ఎఫ్‌టీపీ నాకే వచ్చని కేడీఈకి ముందే చెప్పుకుంటుంది. అందుకే కేడీఈ చిరునామాను తీసుకెళ్లి దాని చేతికే ఇచ్చేస్తుంది. ఫైల్ మేనేజర్‌లో అప్పటికే పాస్‌వర్డ్ కొట్టినా, వీఎల్‌సీ మళ్లీ అడిగే సందర్భాలు ఇందువల్లే వస్తాయి. ఇద్దరూ సర్వర్ దగ్గరికి విడివిడిగా వెళ్తున్నారు మరి.

రెండోది ఫ్యూజ్ దారి. ఫ్యూజ్ అంటే కెర్నెల్ బయట నడిచే మామూలు ప్రోగ్రాము కూడా ఒక ఫైల్ సిస్టమ్‌లా కనిపించేలా చేసే ఏర్పాటు. 2005లో లినక్స్ 2.6.14తో కెర్నెల్‌లోకి వచ్చింది. జీవీఎఫ్ఎస్ దీన్ని వాడుకుని దూరపు ఫోల్డర్‌ను మన కంప్యూటర్‌లోనే ఉన్నట్టు చూపిస్తుంది. ‘రన్’ ఫోల్డర్‌లో ‘యూజర్’, అందులో మీ యూజర్ నంబరు (ఒక్కరే వాడే కంప్యూటర్‌లో ఎక్కువగా 1000), అందులో ‘జీవీఎఫ్ఎస్’. అక్కడ సర్వర్ పేరు, షేర్ పేరు కలిసిన పొడవాటి పేరుతో ఫోల్డర్ ఉంటుంది. సర్వర్ భాష రాని అప్లికేషన్‌కు ఈ దారి ఇస్తే చాలు, అది మామూలు ఫైలే అనుకుని తెరిచేస్తుంది.

మూడోది కాపీ. ఫైలును తాత్కాలికంగా మన కంప్యూటర్‌లోకి దించి, ఆ కాపీని అప్లికేషన్‌కు ఇవ్వడం. కేడీఈలో ఇలా తెరిచిన ఫైలును మీరు మార్చి మూసేస్తే, మార్పులు సర్వర్‌కు పంపమంటారా అని అడుగుతుంది. తొందరలో ‘వద్దు’ నొక్కితే మీరు చేసిన పని సర్వర్‌కు చేరదు. ‘సేవ్ చేశాను కానీ మార్పులు కనిపించట్లేదు’ అనే ఫిర్యాదు మీ దగ్గరికొస్తే ముందు ఈ దారినే అనుమానించాలి.

ఏ దారిలో వెళ్లాలో ఎవరు నిర్ణయిస్తారు? మెనూలో కనిపించే ప్రతి అప్లికేషన్ వెనకా ‘డెస్క్‌టాప్ ఫైలు’ అనే చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుంది. అందులో ‘ఎగ్జెక్’ అనే వరసలో ఆ అప్లికేషన్‌ను ఎలా పిలవాలో రాసి ఉంటుంది. దాని చివర శాతం గుర్తు, పక్కన ఒక అక్షరం. ‘ఎఫ్’ అని ఉంటే నాకు మామూలు ఫైలు దారే కావాలని. ‘యు’ అని ఉంటే చిరునామా ఇచ్చినా తీసుకుంటానని. చిన్న అక్షరమైతే ఒక ఫైలు, పెద్ద అక్షరమైతే ఎన్నైనా. గ్నోమ్ ఇంకో జాగ్రత్త తీసుకుంటుంది. ‘యు’ అన్న అప్లికేషన్‌కు కూడా ఫ్యూజ్ దారి దొరికితే సాధారణంగా అదే ఇస్తుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నను మళ్లీ చూడండి. పీడీఎఫ్ వ్యూయర్ దుబాసీతో తనే మాట్లాడుకుంది. ప్లేయర్‌కు ఫ్యూజ్ దారి కావాలి. కంప్యూటర్‌లో ఫ్యూజ్ ప్యాకేజీ లేకపోయినా, అది నడవడం ఆగిపోయినా ప్లేయర్‌కు తలుపు మూసుకుపోయినట్టే. ఆ ఫైలుకు 777 ఇచ్చినా, ప్లేయర్‌ను పదిసార్లు ఇన్‌స్టాల్ చేసినా లాభమేముంటుంది?

వరసలో అడగండి

తప్పు వెతకడం అంటే తెలివైన ఊహ చేయడం అనుకుంటాం. నిజానికి అది వరసలో అడగడం. ప్రతి ప్రశ్నా సమస్యను రెండుగా చీల్చాలి. జవాబు ఏదొచ్చినా సగం అనుమానాలు పోవాలి. ఈ కేసులో ఎలా అడగాలో చూద్దాం.

1. సర్వర్ అందుతోందా? ఫైల్ మేనేజర్‌లో ఫోల్డర్‌ను రీలోడ్ చేయండి. పాత జాబితాయే తెర మీద నిలిచి ఉండొచ్చు. వేరే కంప్యూటర్ నుంచి కూడా అదే ఫైలు తెరిచి చూడండి. అక్కడా రాకపోతే మీ డెస్క్‌టాప్ తప్పు కాదు. సర్వరో, నెట్‌వర్కో చూసుకోవాలి.

2. దుబాసీ పని చేస్తున్నాడా? గ్నోమ్‌లో ‘జీ-ఐ-ఓ’ అనే కమాండ్ ఉంది. దానికి ‘మౌంట్’ జోడించి జాబితా అడిగితే ఏ సర్వర్లు కలిసి ఉన్నాయో చెబుతుంది. దానికే ‘క్యాట్’ జోడించి ఒక టెక్స్ట్ ఫైలు పూర్తి చిరునామా ఇస్తే, అందులో ఉన్నది టెర్మినల్‌లో చూపిస్తుంది. ఇది ఫ్యూజ్‌తో సంబంధం లేకుండా నేరుగా జీవీఎఫ్ఎస్‌ను అడగడం అన్నమాట.

3. ఫ్యూజ్ దారి బతికే ఉందా? ఇందాక చెప్పిన ‘రన్’ ఫోల్డర్‌లోని దారికి వెళ్లి, అదే ఫైలును మామూలు ‘క్యాట్’ కమాండ్‌తో తెరవండి. రెండో మెట్టులో వచ్చి, ఇక్కడ రాకపోతే తప్పు ఫ్యూజ్ పొరలోనే. రెండుచోట్లా వస్తే తప్పు అప్లికేషన్ వైపు. రెండుచోట్లా రాకపోతే సర్వర్ వైపు. ఒక్కసారి గమనించండి. రెండు చిన్న కమాండ్లతో మొత్తం సమస్య మూడు ముక్కలైంది.

4. అప్లికేషన్ ఏమంటోంది? దాన్ని మెనూ నుంచి కాకుండా టెర్మినల్ నుంచి, ఆ ఫైలు దారి ఇచ్చి నడపండి. తెర మీద ‘తెరవలేకపోయాను’ అని ముక్తసరిగా చెప్పే ప్రోగ్రాము, టెర్మినల్‌లో అసలు కారణం కక్కేస్తుంది చాలాసార్లు. డెస్క్‌టాప్ ఫైలులో ఆ చివరి అక్షరం ఏముందో కూడా చూడండి.

5. అప్లికేషన్ పెట్టెలో ఉందా? ఈ మధ్య చాలా అప్లికేషన్లు స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ రూపంలో వస్తున్నాయి. ఉబుంటు 22.04లో ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానే వచ్చింది. ఇలాంటివి ఒక కట్టుదిట్టమైన పెట్టెలో నడుస్తాయి. మీ కంటికి కనిపించే దారి వాటికి కనిపించకపోవచ్చు. జీవీఎఫ్ఎస్ ఫోల్డర్‌కు అనుమతి లేని పెట్టెకు ఆ ఫైలు అసలు లేనట్టే లెక్క.

ఫ్లాట్‌ప్యాక్‌లో ఇంకో తమాషా ఉంది. మీరు ఒక ఫైలును ఎంచుకుంటే, ‘పోర్టల్’ అనే ఏర్పాటు ఆ ఒక్క ఫైలునే పెట్టెలోకి అందిస్తుంది. సినిమా ప్లే అవుతుంది. పక్కనే అదే పేరుతో ఉన్న సబ్‌టైటిల్ ఫైలు మాత్రం రాదు. ‘మామూలు ప్లేయర్‌లో వస్తున్నాయి, ఇందులో రావట్లేదు, ఇది చెత్త ప్లేయర్’ అని తీర్పు ఇచ్చేస్తాం. ప్లేయర్‌కు ఆ ఫైలు కనిపించనే లేదు. దానికి ఆ ఫోల్డర్ అనుమతి ఇస్తే సరిపోతుంది. ఫ్లాట్‌సీల్ లాంటి టూల్‌తో ఎవరైనా ఇవ్వొచ్చు. అలాగని కంప్యూటర్ మొత్తానికి అనుమతి ఇచ్చేస్తే పెట్టె పెట్టిన ప్రయోజనమే పోతుంది. అవసరమైన ఫోల్డర్ వరకే ఇవ్వండి.

సుడో అన్ని రోగాలకూ మందు కాదు

కొత్తవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. లినక్స్‌లో రూట్ యూజర్‌కు అన్ని తలుపులూ తెరుచుకుంటాయని చదువుకున్నాం. అందుకే ఏది ఆగినా సుడో పెడతాం. ఈ సమస్యలో మాత్రం సుడో పెడితే ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. ఫ్యూజ్ మౌంట్‌ను పెట్టిన యూజర్ తప్ప ఇంకెవరూ చూడలేరు. ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప రూట్‌కు కూడా ప్రవేశం లేదు. నమ్మకం కుదరకపోతే సుడోతో ఆ ఫోల్డర్‌ను చూడబోండి. ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తుంది. ఆ మాట చూసి ఫైలు పర్మిషన్లే పాడయ్యాయని పొరబడి, ఇంకో తప్పు దారి పట్టేవారూ ఉన్నారు.

777 సంగతీ అంతే. ఎస్ఎంబీ షేర్‌లో ఎవరు చదవాలో, ఎవరు రాయాలో తేల్చేది సర్వర్. మీ కంప్యూటర్‌లో కూర్చుని మార్చేదేమీ ఉండదు. అదే ఎస్ఎఫ్‌టీపీ అయితే ఆ కమాండ్ నిజంగానే పనిచేయొచ్చు. అది ఇంకా ప్రమాదం. ఆ సర్వర్‌లో అకౌంట్ ఉన్న ప్రతివారికీ మీ ఫైలును మార్చే హక్కు ఇచ్చేసినట్టు కావొచ్చు. ఇంట్లో లైటు వెలగలేదని వీధి తలుపు తీసిపెట్టడం లాంటిది. లైటూ వెలగదు, ఇల్లూ భద్రంగా ఉండదు.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. జీవీఎఫ్ఎస్ కలిపిన సర్వర్ మీ లాగిన్‌కు చెందినది. మీరు లాగౌట్ అయితే అదీ పోతుంది. రాత్రి రెండింటికి తనంతట తానే నడవాల్సిన బ్యాకప్ స్క్రిప్టుకు ఈ దారి ఇచ్చి ఇంటికి వెళ్తే, పొద్దున్న వచ్చేసరికి బ్యాకప్ ఉండదు. అలాంటి పనులకు సర్వర్ ఫోల్డర్‌ను కెర్నెల్ స్థాయిలోనే మౌంట్ చేయాలి. ఎస్ఎంబీకి సిఫ్స్, యూనిక్స్ సర్వర్లకు ఎన్ఎఫ్ఎస్. ‘నా దగ్గర పనిచేసింది’ అన్న మాటకు ఉద్యోగంలో విలువ లేదు. ఎవరి లాగిన్‌లో, ఏ దారిలో పనిచేసిందో చెప్పగలిగితేనే విలువ.

తెరుచుకుంటుంది.. సేవ్ కాదు

చదవడం ఒకటి, రాయడం ఒకటి. చాలా అప్లికేషన్లు సేవ్ అనగానే ఉన్న ఫైలు మీద నేరుగా రాయవు. పక్కనే కొత్త ఫైలు రాసి, తర్వాత పాత పేరు దానికి పెడతాయి. మధ్యలో కరెంటు పోయినా పాత ఫైలు చెడిపోకుండా ఉండటానికి ఈ జాగ్రత్త. అంటే ఆ ఫైలు మీద హక్కు ఒక్కటే చాలదు, ఫోల్డర్‌లో కొత్త ఫైలు సృష్టించే హక్కు కూడా ఉండాలి. లిబ్రేఆఫీస్ అయితే మీరు తెరిచిన డాక్యుమెంట్ పక్కనే, ఇది వాడుకలో ఉందని చెప్పే దాచిన లాక్ ఫైలు ఒకటి పెడుతుంది. కంప్యూటర్ హఠాత్తుగా ఆగిపోతే ఆ లాక్ అలాగే మిగిలిపోతుంది. మర్నాడు ఎవరూ వాడకపోయినా ‘వేరొకరు ఎడిట్ చేస్తున్నారు’ అంటుంది. అది తెలియక డాక్యుమెంట్ పాడైందని కంగారు పడతారు. నిజంగా ఎవరూ తెరిచిలేరని నిర్ధారించుకుని ఆ లాక్ ఫైలు తీసేస్తే సరి.

లాక్‌ల విషయంలో నెట్‌వర్క్ ఫోల్డర్లను గుడ్డిగా నమ్మకూడదు. ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌ను నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పెట్టి నలుగురూ వాడటం మంచిది కాదని దాన్ని తయారుచేసినవారే హెచ్చరిస్తారు. చిన్న ఆఫీసుల్లో ఇలాంటి ఏర్పాటు ఉంటే, ఫైలు చెడిపోకముందే చెప్పగలిగిన ఉద్యోగి విలువ వేరు.

‘నిన్నటిదాకా పనిచేసింది సార్!’

సపోర్ట్ ఉద్యోగంలో రోజూ వినే మాట ఇది. మీ ముందు రెండు పనులుంటాయి. ఏం మారిందో కనుక్కోవడం, ఎందుకు మారిందో తెలుసుకోవడం. రెండోదాన్ని వదిలేస్తే ఎంత ప్రమాదమో ఒక ఉదాహరణ చెబుతాను.

2017 మేలో వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని చుట్టేసింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆగిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. విండోస్‌లో పాత ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌ను నడిపే భాగంలోని లోపం ద్వారా అది వ్యాపించింది. మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి ప్యాచ్‌ను అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివారు దెబ్బతిన్నారు. ఆ పాత వెర్షన్‌ను అప్పటికే పక్కన పెట్టే పనిలో ఉన్న మైక్రోసాఫ్ట్, 2017 చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి కొత్త ఇన్‌స్టలేషన్లలో దాన్ని మామూలుగా ఇవ్వడం మానేసింది. లినక్స్ వైపు ఎస్ఎంబీ మాట్లాడే సాంబా కూడా 2019లో 4.11 వెర్షన్ నుంచి దాన్ని ముందుగానే ఆపేసి ఉంచింది.

ఫలితం ఏమిటి? అప్‌డేట్ చేసిన మర్నాడు పాత నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టె పలకదు. రూటర్‌కు తగిలించిన హార్డ్‌డిస్క్ కనిపించదు. ‘లినక్స్ చెడగొట్టింది’ అంటారు. నెట్‌లో వెతికితే సెట్టింగుల ఫైలులో ఒక్క వరస కలిపి పాత వెర్షన్‌ను మళ్లీ తెరిచేయమనే సలహా దొరుకుతుంది. నిజమే, కలిపితే పని అయిపోతుంది. కానీ ఆ తలుపు ఎందుకు మూశారో తెలిసినవారు ముందు స్టోరేజ్ పెట్టెకు కొత్త ఫర్మ్‌వేర్ ఉందా అని చూస్తారు. సర్వర్ జాబితాలో కనిపించకపోయినా, చిరునామా నేరుగా టైప్ చేస్తే తెరుచుకుంటుందేమో పరీక్షిస్తారు. వీలు కాకపోతే ఆ పెట్టెను మార్చమని యాజమాన్యానికి రాస్తారు. ఒకే సమస్యకు ఇద్దరు ఉద్యోగులు ఇచ్చిన రెండు పరిష్కారాల్లో తేడా ఇదే. ఒకరు ఫిర్యాదు మూశారు. ఇంకొకరు ఆఫీసును కాపాడారు.

‘ఇప్పుడు ఇవన్నీ ఎందుకు?’

రెండు అభ్యంతరాలు తప్పకుండా వస్తాయి. మొదటిది, అంతా క్లౌడ్‌లోకి వెళ్లాక డెస్క్‌టాప్ గొడవలు ఎందుకని. సరే, క్లౌడ్‌కే వెళ్దాం. డాకర్ కంటెయినర్‌లో నడిచే ప్రోగ్రాముకు మీ మెషీన్‌లోని ఫోల్డర్ కనిపించదు, వాల్యూమ్‌గా ఇస్తే తప్ప. ఫ్లాట్‌ప్యాక్ పెట్టెకు జరిగిందే ఇక్కడా జరిగింది. అమెజాన్ ఎస్3 సాధారణ బకెట్‌ను ఫ్యూజ్ ద్వారా ఫోల్డర్‌లా చూపించే టూల్స్ ఉన్నాయి. కానీ ఆ బకెట్‌లో పేరు మార్చడం అన్న పనే లేదు. కొత్త పేరుతో కాపీ చేసి పాతది తీసేయాలి. ఇందాక సేవ్ గురించి చెప్పుకున్నది గుర్తుందా? పేరు మార్చడం మీద ఆధారపడ్డ ప్రోగ్రాము అక్కడ ఎందుకు తడబడుతుందో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. పేర్లు మారాయి. కనిపించడం, అందడం, రాయగలగడం అనే మూడు ప్రశ్నలు మారలేదు.

రెండోది, ఏఐని అడిగితే చెప్పేస్తుంది కదా అని. అడగండి, తప్పేం లేదు. ‘నా లినక్స్‌లో వీడియో ఓపెన్ కావట్లేదు’ అని అడిగితే పది కారణాలు, పది కమాండ్లు వస్తాయి. వాటిలో సుడో కూడా ఉంటుంది, 777 కూడా ఉండొచ్చు. అదే ‘ఎస్ఎంబీ షేర్, గ్నోమ్, జీ-ఐ-ఓ క్యాట్‌తో ఫైలు వస్తోంది, ఫ్యూజ్ దారిలో రావట్లేదు’ అని అడిగి చూడండి. జవాబు సూటిగా వస్తుంది. తేడా ఏఐలో లేదు, ప్రశ్నలో ఉంది. అంత స్పష్టంగా అడగాలంటే సగం వెతుకులాట మీరు ముందే పూర్తిచేసి ఉండాలి. ఎవరో ఇచ్చిన కమాండ్‌ను అర్థం తెలియకుండా కంపెనీ సర్వర్ మీద నడిపితే, ఏం జరిగినా జవాబు చెప్పాల్సింది మీరే.

ఇంట్లోనే ప్రయోగశాల

సాధన ఎలా? పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంటే సర్వర్‌గా పెట్టుకోండి. లేకపోతే మీ కంప్యూటర్‌లోనే వర్చువల్ మెషీన్ చాలు. అందులో సాంబా ఇన్‌స్టాల్ చేసి ఒక ఫోల్డర్ షేర్ చేయండి. ఎస్ఎస్‌హెచ్ కూడా పెట్టండి. అన్నీ సజావుగా నడిచాక అసలు పని మొదలుపెట్టండి. మీరే చెడగొట్టండి.

ఫ్యూజ్ ప్యాకేజీ తీసేసి ఏ అప్లికేషన్లు తెరుస్తున్నాయో, ఏవి తెరవట్లేదో రాసుకోండి. ఒకే ప్లేయర్‌ను మామూలు ప్యాకేజీగా, ఫ్లాట్‌ప్యాక్‌గా పెట్టి పోల్చండి. ఒక డెస్క్‌టాప్ ఫైలును మీ హోమ్ ఫోల్డర్‌లోని అప్లికేషన్ల ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని, ఆ కాపీలో చివరి అక్షరం మార్చి చూడండి. అసలుది ముట్టుకోవద్దు. ఫైలు తెరిచి ఉండగా సర్వర్ నెట్‌వర్క్ ఆపేయండి. స్నేహితుడితో చెడగొట్టించి మీరు వెతికితే ఇంకా మంచిది. ఏం చెడగొట్టాడో ముందే తెలిస్తే అది పరీక్ష కాదు కదా.

ప్రతిసారీ నాలుగు వరసలు రాయండి. లక్షణం ఏమిటి, ఏం అనుమానించాను, ఏ పరీక్ష ఏం చెప్పింది, అసలు కారణం ఏమిటి. ఇలాంటివి ఇరవై పోగైతే మీ రెజ్యూమెలో ‘లినక్స్ వచ్చు’ అనే మాటకు అర్థం వస్తుంది. లినక్స్ సపోర్ట్, సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్, క్లౌడ్ సపోర్ట్ లాంటి ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ‘మీరు పరిష్కరించిన ఒక సమస్య చెప్పండి’ అన్నది మామూలు ప్రశ్న. చాలామంది పరిష్కారం చెబుతారు. వినేవారు ఎదురుచూసేది మాత్రం దాన్ని చేరిన వరస కోసం. రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్షనే చూడండి. బహుళైచ్ఛిక ప్రశ్నలు ఉండవు. మెషీన్ ముందు కూర్చుని పనిచేసి చూపించాలి. ఎన్ఎఫ్ఎస్ ఫోల్డర్లను మౌంట్ చేయడం దాని సిలబస్‌లోనే ఉంది.

ఇంకో మెట్టు ఎక్కాలనుకుంటే, మీరు కనుక్కున్న తప్పు నిజంగా సాఫ్ట్‌వేర్‌దే అయితే దాన్ని తయారుచేసినవారికి తెలియజేయండి. గ్నోమ్, కేడీఈ రెండింటికీ ఎవరైనా ఫిర్యాదు చేయగల బహిరంగ వేదికలున్నాయి. ఏ వెర్షన్, ఏ మెట్లలో చేస్తే తప్పు వస్తుంది, ఏం జరగాలి, ఏం జరిగింది అని పొందికగా రాయడం కూడా ఒక నైపుణ్యమే. మీ పేరుతో ఉన్న ఆ ఫిర్యాదును ఏ కంపెనీ వారైనా తెరిచి చదువుకోవచ్చు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థలు ఏళ్లుగా విద్యార్థులతో కలిసి పనిచేస్తున్నాయి. ఒంటరిగా మొదలుపెట్టడానికి జంకితే అలాంటి చోట చేరండి.

కాలేజీలకూ ఒక మాట

మన ల్యాబ్‌లలో మెషీన్ చెడిపోతే విద్యార్థిని పక్క సీటుకు పంపుతారు. చెడిన మెషీన్‌ను ల్యాబ్ అసిస్టెంట్ చూసుకుంటారు. నేర్చుకోవాల్సిన పాఠం ఆ మెషీన్‌లోనే ఉండిపోతుంది. రికార్డులో రాసిన ప్రోగ్రాము రికార్డులో ఉన్నట్టే నడిస్తే మార్కులు. నడవకపోతే ఎందుకు నడవలేదో అడిగే తీరిక ఎవరికీ ఉండదు. సెమిస్టర్‌లో కనీసం రెండు ల్యాబ్‌లు చెడగొట్టిన మెషీన్లతో మొదలవ్వాలి. మార్కులు బాగుచేసినందుకు కాదు, వెతికిన వరసకు ఇవ్వాలి. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు, ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. వర్చువల్ మెషీన్, ఒక షేర్ చేసిన ఫోల్డర్, ఓపిక ఉన్న అధ్యాపకుడు చాలు.

కాలేజీ మారేదాకా మీరు ఆగనక్కర్లేదు. ఈసారి ఏదైనా ఫైలు తెరుచుకోకపోతే రీస్టార్ట్ బటన్ మీదికి వెళ్లే చేతిని ఒక్క పది నిమిషాలు ఆపండి. ఇది ఎంతవరకు వచ్చింది, ఏ గడప దగ్గర ఆగింది అని అడగండి. ఒక్కో గడపా చూసుకుంటూ వెళ్లండి. ఆ పది నిమిషాల్లో నేర్చుకున్నది ఏ కోర్సూ అమ్మదు. రేపు మీకు జీతం వచ్చేది దానికే.